వోయ్ రోబస్టస్

వోయ్ రోబస్టస్ మడగాస్కర్ ద్వీపంలో నివసించి, అంతరించిపోయిన ఒక మొసలి. తల వెనుక భాగంలో కపాలపు ఎముకలు ఇరువైపులా పైకి లేచి కొమ్ములవలె కనబడుటచే దీనిని కొమ్ముల మొసలి అని కూడా వ్యవహరిస్తారు. ఇది సుమారు 5 మీటర్ల పొడవు వరకు పెరిగేదని అంచనా. మలగాసీ భాషలో వోయ్ అనగా మొసలి. రోబస్టస్ అనగా లాటిన్‌లో బలిష్ఠమైనది. ఈ జీవి ఏ మొసళ్ళకు దగ్గరి బంధువు అన్న ప్రశ్నకు శాస్త్రజ్ఞులు ఇచ్చిన సమాధానం ఇప్పటివరకు రెండు సార్లు మారింది.

వర్గీకరణ చరిత్ర

ఫ్రెంచి శాస్త్రజ్ఞులు గ్రాండిడియే, వయాన్ 1872లో దీనిని వర్ణించి క్రొకొడైలస్ ప్రజాతిలో చేర్చారు. నైలు మొసలి, భారతదేశపు మగ్గర్ మొసలి కూడా ఈ ప్రజాతికి చెందినవే. ఆ పేరు శతాబ్దానికి పైగా నిలిచింది.

2007లో అమెరికా పురాజీవ శాస్త్రవేత్త క్రిస్టఫర్ బ్రోషూ కపాలాలను పునఃపరిశీలించి, ఇది నిజమైన క్రొకొడైలస్ కాదనీ, ఆఫ్రికా అడవులలోని మరుగుజ్జు మొసలికి (ఆస్టియోలీమస్) దగ్గరి బంధువనీ నిర్ణయించి, వోయ్ అనే కొత్త ప్రజాతిని ఏర్పరచాడు. రెండు మీటర్లకు మించని మరుగుజ్జు మొసలికి ఇంత భారీ బంధువు ఉండుట వింతగా తోచవచ్చును గానీ, వర్గీకరణలో పరిమాణానికి విలువ తక్కువ. ఎముకల అతుకులు, రంధ్రాలు, అంచుల ఆకృతి వంటి లక్షణాలలో పూర్వీకుల నుండి మారి, కొన్ని జాతులకు మాత్రమే ఉమ్మడిగా సంక్రమించినవేవో గుర్తించి వంశవృక్షాన్ని నిర్మిస్తారు. తరువాతి శరీర నిర్మాణ అధ్యయనాలు కూడా బ్రోషూ నిర్ణయాన్నే బలపరచాయి.

డి.ఎన్.ఏ. ఆధారాలు

వేడి ప్రదేశాలలో ప్రాచీన డి.ఎన్.ఏ. త్వరగా శిథిలమవుతుంది. అయినను ఎవాన్ హెక్కాలా బృందం నైరుతి మడగాస్కర్‌లో లభించిన రెండు నమూనాల నుండి మైటోకాండ్రియా జన్యుపదార్థాన్ని పాక్షికంగా రాబట్టి 2021లో ఫలితాలు ప్రచురించింది. ఆ నమూనాల వయస్సు 1300-1400 సంవత్సరాలు మాత్రమే. వాటి ప్రకారం వోయ్ మరుగుజ్జు మొసలి శాఖలోనిది కాదు. క్రొకొడైలస్ ప్రజాతి మొత్తానికి సోదర శాఖ. ఈ రెండు శాఖలు సుమారు 2.5 కోట్ల సంవత్సరాల క్రితం విడిపోయి ఉంటాయని అంచనా. అనగా నైలు మొసలికి ఎంత దగ్గరో, మంజీర అభయారణ్యంలోని మగ్గర్‌కూ వోయ్ అంతే దగ్గర. 1872 నాటి అభిప్రాయం సత్యానికి చేరువైనదే గానీ, ప్రత్యేక ప్రజాతి అవసరమన్న 2007 నాటి నిర్ణయం కూడా తప్పు కాలేదు.

ఈ ఫలితం సరియైనదైతే, మరుగుజ్జు మొసలితో కనబడిన కపాల సామ్యాలలో కొన్ని వారసత్వం వలన గాక విడివిడిగా ఏర్పడినవని భావించాలి. కొమ్ములవంటి ఎత్తులు క్యూబా మొసలికి కూడా ఉన్నాయి. కోట్ల సంవత్సరాల నాటి శిలాజాలలో డి.ఎన్.ఏ. మిగలదు గనుక వాటికి ఎముకలే ఆధారం. ఆ ఎముకలు ఎంతవరకు నమ్మదగినవో పరీక్షించే అరుదైన అవకాశం వోయ్ కల్పించింది. అయితే మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. తల్లి వైపు వారసత్వాన్ని మాత్రమే తెలుపుతుంది.

అంతరించుట

మడగాస్కర్‌లో నేడు ఉన్నవి నైలు మొసళ్ళు. అవి ద్వీపానికి వచ్చి వోయ్‌ను తొలగించాయా, లేక వోయ్ నశించిన తరువాతనే అక్కడ స్థిరపడ్డాయా అన్నది వివాదాస్పదం. మానవుల రాక, వాతావరణ మార్పు కూడా కారణాలుగా చెప్పబడుతున్నవి.