గింతీలో లేని బీమారీ

చిన్నప్పుడు మా గల్లీకి కలాయి చాచా వచ్చేవాడు. నేలలో చిన్న గుంట తవ్వి, తోలుతిత్తితో బొగ్గు రాజేసి, నౌసాదర్ చల్లి తగరం పూస్తే అమ్మ రాగి దేగ్చీ లోపల చాందీలా మెరిసేది. స్టీలు, ప్లాస్టిక్ వచ్చాక చాచా రావడం మానేశాడు. ఎక్కడికి పోయాడో, ఏ బీమారీతో పోయాడో మా ఇంట్లో ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు.

ఐర్లండ్ ట్రావెలర్ల తారీఖ్ చదువుతుంటే ఆ చాచానే యాదికొచ్చాడు. వాళ్లదీ రేకు పనే. గుర్రపు బండ్ల మీద ఊరూరా తిరిగి బకెట్లు, డబ్బాలు చేసేవాళ్లు, చిల్లులు పడ్డ గిన్నెలకు మాట్లు వేసేవాళ్లు. ప్లాస్టిక్ వాళ్ల రోజీ కూడా మింగేసింది. వాళ్ల హునర్ పేరు ‘టింకర్’ చివరికి తిట్టయి కూర్చుంది.

వీళ్లు బయటి ముల్కు నుంచి వచ్చినవాళ్లు కారు. తెల్లవాళ్లే, ఎక్కువమంది కేథలిక్కులే, మాట్లాడేది ఇంగ్లీషే. తమలో తాము మాట్లాడుకోవడానికి మాత్రం ఒక జబాన్ ఉంది, దాన్ని షెల్టా అనీ కాంట్ అనీ అంటారు. ఖానాబదోష్ బతుకు. 1840ల పెద్ద కరువులో ఇల్లూ జమీనూ పోగొట్టుకుని రోడ్డున పడ్డ రైతుల ఔలాదే వీళ్లని చాలామంది అనుకునేవాళ్లు. అదే నిజమైతే సర్కారుకు పని సులువు: ఇల్లిచ్చి కూర్చోబెడితే మళ్లీ మామూలు ఐరిష్‌వాళ్లయిపోతారు. 2017లో వచ్చిన జన్యు పరిశోధన ఆ ఖయాల్‌ను కొట్టేసింది. మిగతా ఐరిష్ జనం నుంచి వీళ్లు విడివడి సుమారు 360 ఏళ్లయిందని తేలింది. అంటే కరువుకు చాలా ముందే.

హుకూమత్ వీళ్ల గురించి మొదట కూర్చుని ఆలోచించింది 1960లో, ఒక కమిషన్ వేసి. కమిషన్‌లో ఒక్క ట్రావెలర్ కూడా లేడు. వాళ్లెంతమందో లెక్క తీసింది పోలీసులు. 1963లో వచ్చిన రిపోర్టు వాళ్లను ఒక ‘మస్‌లా’గా చూసింది. స్థిరంగా ఉన్న జనంలో కలిపేసుకోవడమే దాని దృష్టిలో హల్. ఖానాబదోషీ అంటే ఓ తహజీబ్ అన్న మాట ఆ కాగితాల్లో కనపడదు.

సేహత్ లెక్క రావడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. 1987లో బయటపడ్డ సంగతి: ట్రావెలర్ మగవాళ్లు మిగతావాళ్ల కంటే పదేళ్లు ముందే, ఆడవాళ్లు పన్నెండేళ్లు ముందే చనిపోతున్నారు. ఏడాది నిండకుండా పోయే పిల్లలు వెయ్యికి 18. దేశం మొత్తమ్మీద ఆ సంఖ్య ఏడున్నర లోపే.

నాకు ఈ తారీఖ్‌లో అన్నిటికంటే ఇష్టమైన సంవత్సరం 1994. డబ్లిన్‌లో పేవీ పాయింట్ అనే ట్రావెలర్ల సంస్థ అక్కడి ఈస్టర్న్ హెల్త్ బోర్డుతో కలిసి ఒక చిన్న పని మొదలుపెట్టింది. ట్రావెలర్ ఆడవాళ్లకే తాలీమ్ ఇచ్చి, వాళ్లనే సేహత్ కార్యకర్తలుగా తమ క్యాంపుల్లోకి పంపింది. చాలామందికి చదవడం రాదు, అందుకని పాఠాలు బొమ్మల మీద నడిచాయి. మన ఆశా వర్కర్లను చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించకపోవచ్చు. కానీ డాక్టరు ముందు నోరు విప్పని ఔరత్ తన ఖాలా కూతురు ముందు విప్పుతుందన్న సంగతి దవాఖానాకు తెలియడానికి అన్నేళ్లు పట్టింది.

ఆ నెట్‌వర్కే లేకపోతే 2010 రిపోర్టు లేదు. ఉత్తర ఐర్లండ్‌తో సహా దీవి మొత్తం మీద ట్రావెలర్ల సేహత్‌పై యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ చేసిన సర్వే అది. ఈసారి ఇంటింటికీ, క్యారవాన్ క్యారవాన్‌కూ తిరిగి అడిగింది ట్రావెలర్లే, దాదాపు 400 మంది. యాభై ఏళ్ల కింద పోలీసులు లెక్కపెట్టిన కౌమ్ ఇప్పుడు తనను తాను లెక్కపెట్టుకుంది. దీవి మొత్తంలో 40 వేల పైచిలుకు తేలారు. మగవాళ్ల సగటు ఉమర్ 61.7 ఏళ్లు. మిగతా మగవాళ్లది 76.8. ఐర్లండ్‌లో మామూలు మగవాడు 1940లలో బతికినంతే ట్రావెలర్ 2008లో బతుకుతున్నాడు. అరవై అయిదు దాటినవాళ్లు నూటికి ముగ్గురే. దాదా, దాదీ లేని ఇళ్లన్నమాట. మగవాళ్లలో ఖుద్‌కుషీలు మిగతావాళ్ల కంటే ఆరున్నర రెట్లు.

మరి వీళ్లకు దవాఖానా తలుపులు మూశారా? లేదు. చాలామంది దగ్గర మెడికల్ కార్డు ఉంది, డాక్టరు దగ్గరికి పోతే పైసా కట్టక్కర్లేదు. కాగితం మీద బరాబరీ ఉంది. కానీ అపాయింట్‌మెంట్ చిట్టీ పోస్టులో వస్తుంది. అడ్రసు నిలకడగా లేనివాడికి, ఉన్నా చదవడం రానివాడికి అది వచ్చినట్టా రానట్టా? 2002లో వచ్చిన చట్టంతో, పర్మిషన్ లేని జాగాలో క్యారవాన్ నిలపడమే జుర్మ్ అయింది. బండి కదిలిస్తే ట్రీట్‌మెంట్ మధ్యలో తెగుతుంది. కదిలించకపోతే నీళ్లూ లేని, చెమ్మ పట్టిన జాగాలో పిల్లల దగ్గు తగ్గదు. డాక్టర్ల మీద పూర్తి భరోసా ఉందన్న ట్రావెలర్లు ఆ సర్వేలో సగం మంది కూడా లేరు. మిగతా జనంలో ఐదుగురిలో నలుగురికి ఉంది.

‘మేం తేడా చూపం, మాకు అందరూ ఒకటే.’ ఈ మాట చెడ్డ నీయత్‌తో అనేది కాదు. మన దగ్గరా వింటుంటాం. కానీ ఒక సంగతి చూడండి. గెలాక్టోసీమియా అని ఒక మౌరూసీ బీమారీ ఉంది. పాలలోని చక్కెర బిడ్డ ఒంటికి జహర్ అవుతుంది, తల్లిపాలైనా సరే. మిగతా ఐరిష్ బిడ్డల్లో ముప్పై వేలకు ఒకరికి వస్తే, ట్రావెలర్ బిడ్డల్లో కొన్ని వందలకే ఒకరికి. చిన్న బిరాదరీ, చాచా మామూ పిల్లల మధ్య షాదీలు ఎక్కువ. (మన ఇళ్లలో, మేనరికాల తెలుగు ఇళ్లలో ఈ మాట రాగానే టాపిక్ మార్చేస్తాం. మార్చకుండా వినాలి.) అందుకే అక్కడి ప్రసూతి దవాఖానాల్లో ట్రావెలర్ బిడ్డకు పుట్టిన మొదటి రోజే రక్త పరీక్ష చేస్తారు, రిపోర్టు వచ్చేదాకా సోయా పాలు పడతారు. బిడ్డ ఎవరి బిడ్డో తెలియకపోతే ఆ పరీక్ష మొదటి రోజున జరగదు. ఇక్కడ ‘అందరూ ఒకటే’ అంటే ఆ పసిగుడ్డు జాన్‌కే ఖత్రా.

అయితే అడిగేది ఎవరు, ఎలా అన్నది వేరే సవాల్. ట్రావెలర్లమని చెబితే పబ్‌లో టేబుల్ దొరకదు, కిరాయికి ఇల్లు దొరకదు. కౌంటర్లో పేరు చెప్పగానే అవతలి మనిషి ముఖంలో రంగు మారడం ఏమిటో మనకు వేరే చెప్పక్కర్లేదు. పుట్టిన బిడ్డ కోసం నిజం చెప్పాలా, తన ఇజ్జత్ కోసం దాచాలా అని పురిటి మంచం మీద ఆ తల్లి ఆలోచించాలి.

2017 మార్చి 1న ప్రధాని ఎండా కెన్నీ పార్లమెంటులో లేచి ట్రావెలర్లు వేరే ఎథ్నిక్ తబ్కా అని సర్కారు తరఫున ప్రకటించారు. గ్యాలరీ నిండా ట్రావెలర్లే. ఆ పహచాన్ కోసం వాళ్ల సంస్థలు దశాబ్దాలు కొట్లాడాయి. 2010 రిపోర్టు చేతికొచ్చిన పన్నెండేళ్లకు, 2022 నవంబరులో, ట్రావెలర్ల సేహత్ కోసం అయిదేళ్ల ప్లాన్ వచ్చింది. దాని గడువు 2027. దవాఖానా రికార్డుల్లో ఎథ్నిక్ పహచాన్ అడిగే గడి ఉండాలన్నది అందులోనూ ఉంది. ఆ గడి కొన్ని చోట్ల వచ్చింది, అన్ని చోట్లా రాలేదు. 1994లో బొమ్మల పాఠాలతో మొదలైన ఆ ఆడవాళ్ల పని మాత్రం ఆగలేదు. ఇప్పుడు దేశమంతటా క్యాంపుల్లో తలుపు తడుతున్నది ట్రావెలర్ ఆడవాళ్లే.