భీంబేట్కా శిలాచిత్రాల కాలనిర్ణయం – వాకణ్కర్ పరిశోధన విధానం

భారతదేశంలో చరిత్రపూర్వ చిత్రకళ అధ్యయనం అనగానే ముందుగా స్మరించదగిన పేరు విష్ణు శ్రీధర్ వాకణ్కర్ (1919–1988). 1957లో రైలు ప్రయాణంలో కనబడిన కొండల ఆకృతి ఆకర్షించగా ఆయన భీంబేట్కాకు చేరుకున్నారన్న ఉదంతం ప్రసిద్ధం. అయితే మూడు దశాబ్దాల కృషిని ఆ ఒక్క ఘటనతో కొలవడం సముచితం కాదు. రాతిమీది బొమ్మను చారిత్రక ఆధారంగా చదివే పద్ధతిని దేశంలో స్థిరపరచినవారిలో ఆయన ముఖ్యులు. ఆ పద్ధతి దేనిని నిరూపించగలదు, ఎక్కడ ఆగిపోతుంది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

నేపథ్యం

శిలాచిత్రాలు వాకణ్కర్‌కు పూర్వమే వెలుగుచూశాయి. ఆర్చిబాల్డ్ కార్లైల్ 1867–68లో మీర్జాపూర్ ప్రాంతంలో ఇటువంటి చిత్రాలను గుర్తించాడు. స్పెయిన్‌లోని అల్తమీరా చిత్రాలు బయటపడింది ఆ తరువాత, 1879లో. కాని కార్లైల్ తన పరిశీలనలను సకాలంలో ప్రచురించనందువల్ల అవి విద్వత్‌చర్చకు రాలేదు. భీంబేట్కా ప్రస్తావన 1888లోనే వచ్చినా, దానిని బౌద్ధ స్థలంగా మాత్రమే పేర్కొన్నారు. మధ్యభారత చిత్రాలను విస్తృతంగా పరిశీలించిన డి.హెచ్. గోర్డన్ వాటికి అతి ప్రాచీనతను అంగీకరించలేదు. కాబట్టి వాకణ్కర్ ముందున్నది చిత్రాల కొరత కాదు, వాటి వయస్సును నిర్ణయించే ప్రమాణాల కొరత.

పరిశోధన విధానం

వాకణ్కర్ స్వయంగా చిత్రకారుడు. ఆయన పరిశోధనకు చిత్రాల నకళ్లు తీయడం పునాది. భీంబేట్కాలో ఒకే రాతితలంపై భిన్న కాలాలవారు బొమ్మలు వేశారు. వేటగాళ్లు, అడవి జంతువులు ఉన్నచోటనే ఆయుధాలు ధరించిన అశ్వికులు కనిపిస్తారు. పాత బొమ్మను చెరపకుండానే దానిమీద కొత్త బొమ్మ గీయడం సాధారణం. నకలు తీసేవారు ఏ గీత కిందిదో, ఏది పైదో ప్రతిచోటా తేల్చుకోవలసి ఉంటుంది. ఈ అధ్యారోపణ క్రమానికి రంగు, శైలి, చిత్రితవస్తువు అనే అంశాలను జోడించి, పాత రాతియుగం చివరి దశ నుండి మధ్యయుగం వరకు ఆయన ఒక కాలక్రమాన్ని ప్రతిపాదించారు. రాబర్ట్ బ్రూక్స్‌తో కలిసి 1976లో ప్రచురించిన ఆంగ్ల గ్రంథం ఈ కృషిని అంతర్జాతీయ విద్వాంసులకు పరిచయం చేసింది.

కాలనిర్ణయ వివాదం

ఎరుపు బొమ్మల కింద కనిపించే ఆకుపచ్చ నర్తకుల రూపాలను వాకణ్కర్ తొలి దశకు చేర్చారు. తవ్వకాలలో పాత రాతియుగపు పొరలో లభించిన ఆకుపచ్చ రంగురాయిని అందుకు సాక్ష్యంగా చూపారు. ఇక్కడ రెండు వేర్వేరు వాదాలున్నాయి. ఆకుపచ్చ బొమ్మ ఎరుపు బొమ్మకన్న ముందుదనడానికి రాతితలమే సాక్ష్యం. అది పాత రాతియుగానిదే అనడానికి మాత్రం పొరలోని రంగురాయికీ గోడమీది గీతకూ సంబంధాన్ని ఊహించవలసి వస్తుంది. రంగురాయి ఆ కాలంలో వాడుకలో ఉన్నదని ఒప్పుకున్నా, దానితోనే ఆ బొమ్మ వేశారనడానికి అది చాలదు. భీంబేట్కా చిత్రాలకు విస్తృతంగా నకళ్లు తీసి 1984లో గ్రంథం వెలువరించిన యశోధర్ మఠపాల్ తొలి చిత్రాలను మధ్య రాతియుగానికే పరిమితం చేశారు. ఆయనా చిత్రకారుడే కావడం గమనార్హం. ఒకే గోడను ఒకే విధమైన శిక్షణతో చూసినవారు భిన్న నిర్ణయాలకు రావడం పద్ధతి పరిమితిని స్పష్టం చేస్తుంది.

తాళపత్ర ప్రతుల పరిష్కరణలోనూ ఇటువంటి స్థితి ఉంది. ఏ పాఠం నుండి ఏది పుట్టిందో అంతస్సాక్ష్యంతో చెప్పవచ్చు. మూల రచనాకాలం తేల్చడానికి బాహ్యసాక్ష్యం కావాలి.

ముగింపు

తొలి దశ కాలంపై వాకణ్కర్ నిర్ణయం వివాదగ్రస్తమైనా, ఆయన చూపిన అధ్యారోపణ క్రమం దానితోపాటు కూలిపోదు. 2003లో భీంబేట్కా ప్రపంచ వారసత్వ స్థలమైంది. కడప జిల్లా చింతకుంట, కర్నూలు జిల్లా కేతవరం శిలాచిత్రాలను అధ్యయనం చేసేవారికీ ఈ విచక్షణ అవసరం. ముందువెనుకలను రాతితలం చెప్పగలదు. సంవత్సరాల లెక్కకు వేరే ఆధారం వెదకవలసి ఉంటుంది.