గుండె చుట్టూ కొవ్వు: కొలతల చరిత్ర

పరిచయం

నర్సంపేటలో ఎవరికైనా గుండెపోటు వచ్చిందంటే, "బక్కపలచని మనిషి, ఆయనకెట్లా వచ్చింది?" అనే మాట మీరు వినే ఉంటారు. గుండె జబ్బు లావుగా ఉన్నవారికి, పట్నంలో ఉండేవారికి మాత్రమే వస్తుందన్న నమ్మకం ఈ ప్రశ్న వెనుక ఉంది. ఆ నమ్మకం ఎట్లా సడలిందో ఈ భాగంలో తెలుసుకుందాం.

గుండె కండరానికి, దానిని కప్పి ఉంచే పలుచని పొరకు మధ్య కొంత కొవ్వు ఉంటుంది. ఇది అందరికీ ఉండేదే. గుండెకు శక్తినివ్వడం, ధమనులకు మెత్తగా ఆనుకొని ఉండటం దీని పనులు. గుండెకు రక్తాన్ని అందించే కరోనరీ ధమనులు ఈ కొవ్వు గుండానే సాగుతాయి. రెంటి మధ్య అడ్డుగోడ ఏదీ లేదు. కాబట్టి కొవ్వు మితిమీరితే, అందులోంచి వెలువడే వాపు కలిగించే పదార్థాలు నేరుగా ధమనులను చేరగలవని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

శవపరీక్ష నుంచి స్కానింగ్ వరకు

చాలాకాలం ఈ కొవ్వు శవపరీక్షలోనో శస్త్రచికిత్సలోనో మాత్రమే కంటబడేది. 1971లో లండన్‌లో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సి.టి. యంత్రంతో తొలి రోగి మెదడును చిత్రించారు. 1979లో ఆయన, అలాన్ కార్మాక్ నోబెల్ బహుమతిని పంచుకున్నారు. అయితే గుండె నిరంతరం కదులుతూ ఉంటుంది. వేగంగా చిత్రించే యంత్రాలు వచ్చాకే దాన్ని స్పష్టంగా చూడగలిగారు. 1990లో ఆర్థర్ అగాట్‌స్టన్ బృందం కరోనరీ ధమనుల్లో పేరుకున్న కాల్షియానికి ఒక స్కోరును ప్రతిపాదించింది.

సి.టి. చిత్రంలో నీటి విలువ 0 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు. కొవ్వు విలువ సుమారు -190 నుంచి -30 వరకు ఉంటుంది. ఈ తేడా వల్ల, కాల్షియం కోసం తీసిన చిత్రంలోనే కొవ్వు పరిమాణాన్ని కూడా లెక్కించవచ్చు. అమెరికాలోని 'మెసా' అధ్యయనం, గుండె చుట్టూ కొవ్వు ఎక్కువగా ఉన్నవారిలో ఆ తరువాత గుండె జబ్బు ఎక్కువగా వచ్చిందని 2009లో తెలిపింది.

ఎవరిని కొలిచారు?

చరిత్ర విద్యార్థులుగా మీరు ఏ ఆధారాన్ని చూసినా ఈ ప్రశ్న వేయాలి. 'మెసా' ఎంచుకున్న నాలుగు జనవర్గాల్లో దక్షిణాసియావారు లేరు. ఆ లోటు తీర్చడానికి, అమెరికాలోని దక్షిణాసియా సంతతివారితో 'మసాలా' అధ్యయనం 2010లో మొదలైంది. అందులోనూ గుండె సి.టి. చేశారు.

మన పల్లెల నుంచి వచ్చిన ఆధారాలు వేరే రకానివి. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, మరణించినవారి కుటుంబసభ్యులను ప్రశ్నించి మరణ కారణాలను నిర్ణయించారు. దాదాపు 32 శాతం మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది. ఇది పట్నపు జబ్బన్న మాట నిలువలేదు.

హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లో 1987-90 మధ్య, కొన్ని ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందింది. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వయసుకు వచ్చాక పరీక్షించగా, అదనపు ఆహారం అందని ఊళ్ల పిల్లలకన్నా వారి ధమనుల్లో బిగుసు తక్కువగా ఉందని 2008లో వెల్లడైంది. అంటే గుండె ఆరోగ్యానికి పునాది తల్లి గర్భం నుంచే పడుతుండవచ్చు.

బక్కపలచని మనిషి సంగతేమిటి? 2004లో పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ తమ శరీరాలనే ఉదాహరణగా చూపారు. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. కాని శరీరంలో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం ఉంటే, యాజ్ఞిక్‌కు 21.2 శాతం ఉంది. పైకి సన్నగా కనబడటం లోపలి కొవ్వుకు కొలమానం కాదన్నమాట.

సారాంశం

స్కానింగ్ కూడా ఒక చారిత్రక ఆధారం వంటిదే. దానంతట అది మాట్లాడదు. కొవ్వుకూ జబ్బుకూ సంబంధం కనబడినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని రుజువు కాదు. సి.టి.లో రేడియేషన్ ఉంటుంది కాబట్టి కొవ్వును కొలవడానికే అందరికీ చేయదగిన పరీక్షా కాదు. రక్తపోటు, చక్కెర, నడుము కొలత, పొగాకు అలవాటు - వీటిని ఊళ్లోనే తెలుసుకోవచ్చు. సన్నగా ఉన్నామన్న ధీమాతో ఛాతీనొప్పిని తేలికగా తీసుకోకూడదన్నదే ఈ చరిత్ర మనకిచ్చే పాఠం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గోదావరి గ్రామాల అధ్యయనానికి, 'మెసా' అధ్యయనానికి ఆధారాలలో గల తేడా ఏమిటి?
2. మీ ఊళ్లో గుండె జబ్బు గురించి ప్రచారంలో ఉన్న ఒక నమ్మకాన్ని ఈ పాఠం వెలుగులో పరిశీలించండి.