పద్నాలుగు నెలల కాపురం

మొన్న విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తుంటే పక్కింటి చెల్లెలు వచ్చి కూర్చుంది. కాసేపు ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "అక్కా, మా పాపకు కోర్టులో ఏమన్నా వస్తాదా?"

వానలు మోసం చేసిన ఏడు మా రాప్తాడు నుంచి బెంగళూరు బస్సెక్కిన పిల్లల్లో ఆమె కూతురు ఒకతె. గార్మెంట్స్‌లో పని. తోటి పనివాడితో ఇల్లు తీసుకుని పద్నాలుగు నెలలు కలిసి ఉంది. ఇంటి అడ్వాన్సు ఈమె కట్టింది. గ్యాసు, గిన్నెలు ఈమె కొన్నవే. దసరాకు ఊరికి పోయొస్తానన్నవాడు మళ్లీ రాలేదు, ఫోన్ ఎత్తలేదు. తాళి లేదు, కాగితం లేదు.

నేను బి.ఏ.లో తెలుగు చదివినదాన్ని, చట్టం కాదు. అందుకే ముందు మాటల దగ్గరే ఆగాను. కట్టుకున్నది, ఉంచుకున్నది. ఈ రెండు మాటల్లోనూ పని చేసేది మగవాడే. ఆడదానికి దక్కేదేమిటన్నది ఆ పనిని బట్టే ఉండేది.

పాత హిందూ ధర్మశాస్త్రంలో 'అవరుద్ధ స్త్రీ' అని ఒక మాట ఉంది. పెళ్లి కాకపోయినా ఒక్క మగవాడితోనే, అతను పోయేదాకా ఉన్న ఆడదానికి అతని ఆస్తిలోంచి మనోవర్తి ఇవ్వాలి. మన ఆంధ్రా నుంచే అలాంటి కేసు ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అతను 1948లో పోయాడు. చివరిదాకా అతనితో ఉన్న ఆమెకు మనోవర్తి హక్కు ఉందని 1965లో తీర్పు వచ్చింది. అప్పటికే 1956 చట్టం మనోవర్తి పొందేవాళ్ల జాబితాలో ఇలాంటి ఆడవాళ్లను చేర్చకుండా వదిలేసింది. అంతకుముందే వచ్చిన హక్కు కాబట్టి ఈమెకు నిలిచింది.

గమనించారా? అతను చచ్చేదాకా ఉంటేనే హక్కు. మధ్యలో వదిలేసి పోతే ఏమీ లేదు.

1978లో సుప్రీంకోర్టు మరో మాట చెప్పింది. యాభై ఏళ్లు భార్యాభర్తల్లా బతికినవాళ్లను పెళ్లైనవాళ్లుగానే భావించాలంది. మంచిదే. కానీ యాభై ఏళ్ల లెక్క మా పిల్ల పద్నాలుగు నెలలకు ఎక్కడ సరిపోతుంది?

ఆ తలుపు కొంచెం తెరిచింది 2005 నాటి గృహహింస చట్టం. 'వివాహం వంటి సంబంధం' అన్న మాట అందులో ఉంది. 2010లో సుప్రీంకోర్టు దానికి కొలతలు పెట్టింది. లోకం ముందు భార్యాభర్తల్లా మెలగాలి. ఇద్దరికీ పెళ్లి వయసు ఉండాలి, పెళ్లికి వేరే అడ్డేదీ ఉండకూడదు. ఇష్టపడి, ఒకే కప్పు కింద, చెప్పుకోదగ్గ కాలం ఉండాలి. వారాంతాల్లో కలవడం చాలదంది. పెళ్లైనవాడని తెలిసే కలిసి ఉన్న ఒక బెంగళూరామెకు 2013లో ఆ రక్షణ దక్కలేదు.

'చెప్పుకోదగ్గ కాలం' అంటే ఇన్ని నెలలని ఎవరూ గీత గీయలేదు. కాబట్టి పద్నాలుగు నెలలు చాలవని ముందే మనం తీర్పు చెప్పుకోనక్కర్లేదు. చాలుతాయని భరోసా ఇవ్వడానికీ లేదు. అందుకే రుజువులు కావాలి. ఆ చట్టం కింద డబ్బు విషయంలో పెట్టే బాధ కూడా హింసే. తానిప్పుడు ఉంటున్న చోటే కేసు వేయొచ్చు కాబట్టి బెంగళూరు తిరగనక్కర్లేదు, అనంతపురంలోనే చాలు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.

నెలల లెక్కతో పని లేనిది ఒకటుంది, బిడ్డ. పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డకైనా తండ్రి ఖర్చులివ్వాలని 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడే చెప్పింది. ఇప్పటి చట్టమూ అదే అంటుంది.

చెల్లెలికి ఇవన్నీ చెప్పి, "అడ్వాన్సు కట్టిన ఫోన్‌పే రసీదులు, ఇద్దరి ఫొటోలు, ఇంటి ఓనరు నంబరు జాగ్రత్తగా పెట్టమను" అన్నాను.

"ఊర్లో తెలిస్తే ఎట్లక్కా?" అంది.

దానికి ఏ చట్టంలోనూ జవాబు దొరకలేదు. "సోమవారం నేనూ వస్తాలే, ముగ్గురం కలిసే పోదాం" అన్నాను. ఆమె మాట్లాడకుండా చాటను దగ్గరికి లాక్కుని నాతోపాటు ఒలవడం మొదలుపెట్టింది.