తరువాయి భాగమునకై మూడేండ్లు

కథ చెప్పువాడు నడుమ నిలిపి, తక్కినది రేపని లేచిపోయినచో వినువారు ఊరకుందురా? హరికథలో హారతి పళ్లెము తిరుగు వేళకే అరుగుల మీద చర్చ మొదలగును. వారపత్రికలలో ధారావాహిక నవలలు చదివిన ఇండ్లవారికి ఈ అనుభవము కొత్త కాదు. వచ్చు వారము నాయిక ఏమగునో రచయితకంటె ముందుగా ఇంటిలోని అత్తగారే తేల్చివేయుదురు. తరువాయి భాగమును తానే అల్లుకొనుట వినువాని హక్కు. దాని నెవరును ఇచ్చినది లేదు, ఎవరును తీసికొనలేరు.

ఈ హక్కును ఒక తరమువారు మూడేండ్లపాటు ఎడతెగక వినియోగించుకొనిన ఉదంతము నొకదానిని ఇచ్చట మనవి చేయదలచితిమి. అది అమెరికాలో నిర్మింపబడిన యొక వైజ్ఞానిక కల్పనా చిత్రమునకు సంబంధించినది. 1980 మే నెల మొదలు 1983 మే నెల వరకు సాగినది.

1977 మే 25వ తేదీన జార్జి లూకాస్ రచించి, దర్శకత్వము వహించిన 'స్టార్ వార్స్' విడుదలయ్యెను. కథ చిన్నది. ఎడారి గ్రహముపై పెదతండ్రివంటి వాని యింట సేద్యపు పనులు చేసికొను ల్యూక్ అను యువకుడు, ఓబీ-వాన్ అను వృద్ధ గురువు వెంట బయలుదేరి, లేయా అను రాకుమారిని చెరనుండి విడిపించును. ల్యూక్ తండ్రి మహాయోధుడనియు, నల్లని ముసుగు ధరించిన డార్త్ వేడర్ అనువాడు అతనిని వధించెననియు గురువు చెప్పును. గురువు మాటను శంకించుటకు ల్యూక్‌కు గాని ప్రేక్షకునకు గాని కారణము లేదు.

1980 మే 21న వచ్చిన రెండవ చిత్రము 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బాక్' ఆ నమ్మకమును తలక్రిందులు చేసెను. దీనికి దర్శకుడు ఇర్విన్ కెర్ష్నర్. ద్వంద్వయుద్ధమున ల్యూక్ కుడిచేయి తెగి, అగాధము అంచున వ్రేలాడుచుండగా, తండ్రిని చంపినది తాను కాదనియు తానే ఆ తండ్రిననియు వేడర్ పలుకును. అంతకుముందే, ల్యూక్ తమ కడపటి ఆశ యని ఓబీ-వాన్ అనగా, యోడా అను మరియొక గురువు ఇంకొకరు కూడ ఉన్నారని చెప్పును. ఆ ఇంకొకరెవరో చెప్పడు. సాహసికుడైన హాన్ సోలోను సజీవముగనే దిమ్మవలె గడ్డకట్టించి శత్రువులు కొనిపోవుదురు. చిత్రము అంతటితో ముగిసినది. తరువాయికి మూడేండ్లు.

ఇక చర్చ యెట్లు సాగియుండునో శ్రోతలు ఊహింపగలరు. 1976లో వెలువడిన 'స్టార్‌లాగ్' వంటి పత్రికలలోను, అభిమానుల సంఘపు పత్రికయగు 'బాంథా ట్రాక్స్' చుట్టును, బడిపిల్లల ఆటస్థలములలోను ఇదే ప్రశ్న. వేడర్ చెప్పినది నిజమా? నిజమైనచో గురువు అబద్ధమాడినట్లే గదా! శత్రువు మోసగాడనుకొనుట సులభము, గురువు మోసగాడనుకొనుట కష్టము. కాబట్టి అనేకులు వేడరే కల్లలాడెనని తీర్మానించుకొనిరి. యోడా చెప్పిన ఆ ఇంకొకరు లేయా యని కొందరు, సోలో యని కొందరు, ఇంతవరకు తెరపైకి రాని వారెవరో యని మరికొందరు వాదించిరి.

విచిత్రమేమనగా, వేడర్‌కు గొంతునిచ్చిన నటుడు జేమ్స్ ఎర్ల్ జోన్స్ సైతము ఆ మాటలను చదివినప్పుడు, వీడు అబద్ధమాడుచున్నాడు, ఈ అబద్ధమును ముందు ఎట్లు నడిపింతురో యని తలచెనట. రహస్యమును అంత భద్రముగా కాపాడిరి. ముసుగు ధరించి నటించిన డేవిడ్ ప్రౌజ్‌కు చిత్రీకరణనాడు ఇచ్చిన సంభాషణ వేరు. అందులో ల్యూక్ తండ్రిని చంపినది ఓబీ-వాన్ అని యుండెను. ల్యూక్ పాత్రధారి మార్క్ హామిల్‌కు మాత్రము చిత్రీకరణకు ముందు అసలు మాట చెవిలో వేసిరి. అతని ముఖమున ఆ దిగ్భ్రాంతి కనబడవలెను గదా.

రేడియో గల ఇండ్లవారికి ఇందొక విశేషము కలదు. ఈ నిరీక్షణ కాలముననే, 1981లో, అమెరికాలోని నేషనల్ పబ్లిక్ రేడియో మొదటి చిత్రమును 13 భాగముల శ్రవ్యనాటకముగా ప్రసారము చేసెను. లూకాస్ తాను చదివిన విశ్వవిద్యాలయపు రేడియో కేంద్రమునకు ఆ హక్కులను ఒక్క డాలరుకు ఇచ్చివేసెను. రచన బ్రయన్ డేలీ, దర్శకత్వము జాన్ మాడెన్. హామిల్ ల్యూక్‌గా, ఆంథొనీ డేనియల్స్ బంగారువన్నె మరమనిషిగా తమ పాత్రలనే ధరించిరి. వేడర్ గొంతు మాత్రము బ్రాక్ పీటర్స్‌ది. తెరపై రెండు గంటలలో ముగిసిన కథ రేడియోలో దాదాపు ఆరు గంటలు సాగినది. చిత్రము ఆరంభమగుటకు ముందు జరిగిన సంగతులు, శత్రువుల రహస్య పటములు లేయా చేతికి చిక్కిన విధము, ల్యూక్ ఎడారి మిత్రులు, ఇవన్నియు అందు చేరినవి. కంటికి మెరుపులు చూపుటకే పుట్టిన కథ యని యెంచబడినది చెవితో విన్నప్పుడు ఇంకను నిండుగా నుండుట మావంటి రేడియో పక్షపాతులకు మిక్కిలి సంతోషము.

అభిమానుల ఊహ చిత్రము లోపలికే ప్రవేశించిన ఉదాహరణ ఇదే కాలమున మరియొక చోట కలదు. 1982 జూన్ 4న విడుదలయిన రెండవ 'స్టార్ ట్రెక్' చిత్రమున స్పాక్ అను పాత్ర మరణించునని వార్త ముందుగనే పొక్కినది. స్పాక్ మీద ప్రాణములు పెట్టుకొన్నవారు ఆగ్రహముతో ఉత్తరములు వ్రాసిరి. దర్శకుడు నికొలస్ మేయర్ బృందము చేసినదేమి? చిత్రము మొదటి ఘట్టముననే స్పాక్ నేలకొరిగినట్లు చూపి, వెంటనే అది శిక్షణకై ఆడిన ఉత్తుత్తి యుద్ధమని తేల్చివేసిరి. ప్రేక్షకుడు, ఓహో పుకారు ఇదియా యని ఊపిరి పీల్చుకొనును. కడపట నిజముగనే స్పాక్ మరణించినప్పుడు దెబ్బ రెట్టింపగును. ఇది జనుల ఊహతో కథకుడు ఆడిన చదరంగము. మాకు తెలిసినంతలో ఇంత చక్కని యెత్తు అరుదు.

లూకాస్ సంస్థ అంత చతురముగా కాక, మూసివేతనే నమ్ముకొన్నది. మూడవ చిత్రమును 1982లో ఎడారి ఇసుక తిన్నెలలోను, ఉత్తర కాలిఫోర్నియా మహావృక్షముల నడుమను చిత్రీకరించునప్పుడు, అది 'బ్లూ హార్వెస్ట్' అను దయ్యముల చిత్రమని బూటకపు పేరు పెట్టి, పనివారి టోపీలమీద, బనియన్లమీద ఆ పేరే అచ్చొత్తించిరి. జనము మూగకుండుట కొకటి, పెద్ద చిత్రమని తెలిసినచో సరకులమ్మువారు ధరలు పెంతురన్న భయమొకటి. ఈ రెండవ కారణము మన ఊళ్లలో పెండ్లివారికి కూడ తెలిసినదే.

ప్రకటించిన అసలు పేరు 'రివెంజ్ ఆఫ్ ది జెడై'. జెడై యనగా ఆ కథలోని యోధ తపస్వులు; రివెంజ్ అనగా పగ తీర్చుకొనుట. ప్రకటన పత్రములు అచ్చయినవి, ముందస్తు చిత్రఖండము ప్రదర్శింపబడినది. తీరా విడుదలకు కొన్ని నెలల ముందు, జెడై యోధుడు పగ పట్టడని పేరును 'రిటర్న్', అనగా పునరాగమనముగా మార్చిరి. పాత పేరుతో మిగిలిన ప్రకటన పత్రములను అభిమానుల సంఘపు సభ్యులకే అమ్మిరి. ఆ పేరును పట్టుకొని ల్యూక్ ఎవరిమీద పగ తీర్చుకొనునో యని నెలల తరబడి తర్కించినవారికి ఆ కాగితము మిగిలినది.

1983 ఫిబ్రవరిలో రెండవ చిత్రము కూడ రేడియోలో 10 భాగములుగా మొదలయ్యెను. మే 25న మూడవ చిత్రము వచ్చెను. దర్శకుడు రిచర్డ్ మార్క్వాండ్. మరణశయ్యపై నున్న యోడా, వేడరే తండ్రియని ఒప్పుకొనును. ఇంకొకరన్నది లేయాను గూర్చియే. ఆమె ల్యూక్‌తో కూడ పుట్టిన కవల. మరి అబద్ధమాడిన గురువు మాట? మంచివాడైన తండ్రి దుష్టుడుగా మారిన దినమే చచ్చినట్లు గనుక, ఒక దృష్టితో తాను చెప్పినది నిజమేనని ఓబీ-వాన్ ఛాయారూపమున వచ్చి సమర్థించుకొనును. మన శ్రోతలకు వెంటనే ధర్మరాజు గుర్తు వచ్చును. అశ్వత్థామ హతుడాయెనని బిగ్గరగా పలికి, ఏనుగన్న మాట గొణిగిన ఆయన రథము అంతవరకు నేలకు తాకక నడచినది, ఆ క్షణమున నేలకు దిగినదందురు. ఓబీ-వాన్ రథము మాత్రము దిగలేదు. మూడేండ్లు తర్కించినవారిలో ఈ సమాధానముతో తృప్తిపడనివారున్నచో తప్పుపట్టుటకు మాకు మనసొప్పదు.

ఇంతవరకు పైకి కనబడిన కథ. తరువాతి కాలమున వెలువడిన చిత్తుప్రతుల సమాచారము చూచిన పిమ్మట మరియొక సంగతి తేలినది. మూడేండ్లు ఊహించినవారందరును, జవాబు ఎక్కడో పెట్టెలో తాళము వేసి యున్నదని నమ్మిరి. ఆ పెట్టె చాలవరకు ఖాళీ.

రెండవ చిత్రమునకు మొదటి ప్రతి వ్రాసినది లీ బ్రాకెట్ అను రచయిత్రి. వైజ్ఞానిక కథలలో పేరుపొందినది. ఫాక్‌నర్‌తో కలసి 'ది బిగ్ స్లీప్' చిత్రమునకు పనిచేసినది. 1978 ఫిబ్రవరిలో ప్రతి నిచ్చి మార్చిలో కాన్సరుతో మరణించెను. ఆమె ప్రతిలో ల్యూక్ తండ్రి ఛాయారూపమున వచ్చి కుమారునితో మాటాడును. అనగా తండ్రి వేరు, వేడర్ వేరు! ల్యూక్‌కు తోబుట్టువు కలదు గాని ఆమె లేయా కాదు. ఆ తరువాత, ఏప్రిల్ మాసములో, లూకాస్ తానే కలము పట్టి తిరుగ వ్రాసినప్పుడు తండ్రియు వేడరును ఒక్కడయిరి. కనుక 1977లో ఓబీ-వాన్ చెప్పినది అబద్ధము కాదు. చెప్పిన తరువాత అబద్ధమైనది.

లేయా సంగతియు అంతే. 1978లో ఆలన్ డీన్ ఫోస్టర్ వ్రాసిన తరువాయి నవలలో ల్యూక్ లేయాల నడుమ అనురాగ సూచనలే గలవు. 1980 చిత్రమున ఆమె అతనిని ముద్దాడును. తోబుట్టువులని ముందే నిర్ణయించుకొన్నవాడు ఇట్టి ఘట్టము తీయడు. హాన్ సోలోను గడ్డకట్టించుట సైతము కథకై మాత్రమే కాదు. పాత్రధారి హారిసన్ ఫోర్డ్ మూడవ చిత్రమునకు ఒప్పందము చేసికొనియుండలేదు; వచ్చినచో కరిగింపవచ్చును, రానిచో వదలవచ్చును. ఆ కాగితముపై సంతకము పడువరకు, సోలో బ్రతుకునా చచ్చునా యని బడిపిల్లలకెట్లు తెలియదో లూకాస్‌కును అట్లే తెలియదు.

దీనిని మోసమనవచ్చునా? అనరాదని మా అభిప్రాయము. కథకుడును శ్రోతయు ఒకే చీకటిలో, ఒకే సామగ్రితో తడవుకొనిరి. ఒకని చేతిలో కలమున్నది, అంతే భేదము. లేయా పేరు చెప్పినవారు రహస్యమును కనిపెట్టలేదు, లూకాస్ తరువాత చేయబోవు పనిని తామే ముందు చేసిరి.

మన తెలుగునాట జరిగినది దీనికి భిన్నము. 2015 జూలై 10న 'బాహుబలి' మొదటి భాగము, కట్టప్ప బాహుబలిని వెన్నుపోటు పొడిచిన చోట నిలిచినది. ఏల పొడిచెనన్న ప్రశ్న 2017 ఏప్రిల్ 28 వరకు దేశమంతటను మారుమ్రోగినది. అది రెండు భాగములుగా సంకల్పించిన ఒకే కథ. పెట్టెలో జవాబు నిజముగనే యుండెను.

2024 జూన్ 27న నాగ్ అశ్విన్ దర్శకత్వమున వచ్చిన 'కల్కి 2898 ఏ.డీ.' మాత్రము మరల లూకాస్ దారికి దగ్గరగా వచ్చినది. తెలుగువారి వైజ్ఞానిక కల్పనలో ఇంత పెద్ద కథ నడుమ నిలిచినది ఇదియే. గాండీవము యాస్కిన్ చేతికెక్కినది. కల్కిని గర్భమున మోయు సుమతి కర్ణుడని తేలిన భైరవుని చేజిక్కినది. ఆమె పాత్ర ధరించిన దీపికా పదుకొణె తరువాయి భాగమున ఉండబోదని నిర్మాతలు 2025 సెప్టెంబరులో ప్రకటించిరి. ఆ తల్లి యేమగునో, బిడ్డ యెవరి చేతుల పుట్టునో యని మా యింటి పిల్లలు ఇప్పటికే మూడు కథలు అల్లియున్నారు.