మన యిండ్లనుండి యుద్ధములకు పోయినవారు

సంక్రాంతినాడు పెద్దలకు బట్టలు పెట్టు ఆచారము కోనసీమలో మనవారి యిండ్ల కలదు. తాతకొకటి, ముత్తాతకొకటి యని పేరు చెప్పి పంచెలు పెట్టుచు, కడపట వేఱుగా నొక కండువా నుంచు కుటుంబములు మాకు తెలిసినవి కొన్ని యున్నవి. అది యెవరికని యడిగినచో “బస్రా పోయిన తాతకు” అని చెప్పుదురు. ఆ తాత పేరు కొందఱికి తెలియును, కొందఱికి తెలియదు. ఆయన గతించిన తిథి మాత్ర మెవ్వరికిని తెలియదు. కావున ఆయనకు ఆబ్దికము లేదు. మహాలయామావాస్యనాడు అందఱితోపాటు తిలోదకములు మాత్రమే. ఈ కండువాయే మమ్ము ఈ వ్యాసమునకు పురికొల్పినది.

మన పెద్దలు “జర్మనీ యుద్ధము” అని పిలుచుచుండిన మొదటి ప్రపంచయుద్ధము 1914లో, అనగా ఆనంద సంవత్సరమున, ప్రారంభమయ్యెను. ఆ సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎండెన్ అను జర్మను ఓడ చెన్నపట్టణముపై గుండ్లు కురిపించుటతో యుద్ధమన్నది మన తీరమువారికిని ప్రత్యక్షమైనది. అప్పటి సైన్యాధికారులకు దక్షిణదేశీయులు యోధజాతులు కారను దురభిప్రాయము గాఢముగా నుండెను. అయినను బెంగుళూరు కేంద్రముగా గల మదరాసు సేపర్ల దళమందు తెలుగువారికి స్థానముండెను. యుద్ధము ముదిరి మనుష్యులు చాలనప్పుడు ఆ యోధజాతుల సిద్ధాంతము కొంత సడలినది.

సిపాయికి నెలకు 11 రూపాయల జీతము. గోదావరి పాయల నడుమ పొలము కొద్దిగాను సంతానము మెండుగాను గల యింటికి ఆ సొమ్ము సామాన్యమైనది కాదు. వీరందఱును కేవల రాజభక్తిచేతనే కత్తి పట్టిరని పూర్వము కొందఱు వ్రాయుచుండిరి. మాకది రుచింపదు. అప్పు తీర్చుటకు పోయినవారు, అన్నతో తగవుపడి పోయినవారు, ఊరు విడిచి లోకము చూడవలెనని పోయినవారు కూడ నుందురు. అంతమాత్రమున వారి గౌరవమునకు కొఱత లేదు.

రేవు దాటి, కాలువ పడవలో రాజమహేంద్రవరము చేరి, అచ్చట రైలెక్కినవాడు కొన్ని మాసములకు టైగ్రిసు నదీతీరమున నుండెడివాడు. నదులపై పడవల వంతెనలు కట్టుట, బాటలు వేయుట, కందకములు త్రవ్వుట సేపర్ల పని. ఏటి ఒడ్డున పుట్టినవారికి నీటి పని కొత్త కాదుగాని, ఆ యెండయు ఆ జ్వరములును కొత్త. శత్రువు గుండుకంటె రోగమువలన పడినవారు అచ్చట తక్కువ కాదు.

ఇక బాధాకరమైన సంగతి. మెసపొటేమియాలో మరణించి సమాధి తెలియనివారికై బస్రాలో 1929లో నొక స్మారకము నిర్మింపబడెను. అది 40,000 మందికి పైబడినవారి స్మారకము. ఇంగ్లీషు సిపాయి సామాన్యుడైనను వాని పేరు చెక్కిరి. భారతీయులలో అధికారుల పేళ్లు మాత్రము చెక్కి, తక్కినవారిని ఆయా పటాలముల క్రింద “మఱి యిందఱు” అని లెక్కగా చూపిరి. యుద్ధానంతరము మన దేశపు గ్రామములలో నాటిన రాతిఫలకములును ఇట్టివే: ఈ గ్రామమునుండి యిందఱు పోయిరి, ఇందఱు ప్రాణములిచ్చిరి అని సంఖ్యలే, పేళ్లు లేవు. కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘమువారు 2021 ఏప్రిలులో నొక నివేదిక ప్రకటించి, ఈ భేదము తమ పూర్వులు చేసిన తప్పేయని యొప్పుకొని క్షమాపణ చెప్పిరి. శతాబ్దము గడచినది, కండువా పెట్టు తల్లులు గతించిరి.

రెండవ యుద్ధమును గూర్చి జ్ఞాపకములు దగ్గఱివి. 1942 ఏప్రిలు 6వ తేదీన, చిత్రభాను సంవత్సరమున, జపానువారు కాకినాడపైనను విశాఖపట్టణముపైనను బాంబులు వైచిరి. మొదటి యుద్ధానంతరము రద్దుచేయబడిన మదరాసు పదాతిదళము 1941లో పునరుద్ధరింపబడగా మనవారికి మఱల ద్వారము తెఱువబడెను. బర్మాలో పడినవారి పేళ్లు రంగూనునకు ఉత్తరముగా టౌక్యాన్ శ్మశానవాటికలోని స్మారకమున చెక్కబడి యున్నవి. అవి దాదాపు 27,000. పడమటి గోదావరిలో తాడేపల్లిగూడెము చేరువనున్న మాధవరమును లోకము “మిలిటరీ మాధవరము” అనుచున్నది. ఆ యూరివారు తమవారిని మఱవలేదు.

మన యిండ్లలో మిగిలినవి పతకములు. మొదటి యుద్ధపు వెండి పతకపు అంచుమీద సిపాయి సంఖ్య, హోదా, పేరు, పటాలము చెక్కబడి యుండును. వెండియను కారణముననే యెన్ని పతకములు కంసాలి మూసలో కరగి పిల్లల కడియములైనవో! మిగిలినవానిని దయచేసి తోమవలదు. తోమినకొలది అక్షరములు అరుగును. ఆ సంఖ్య దొరికినచో సమాధుల సంఘమువారి పట్టికలో మరణించిన తేదీ వెదకవచ్చును. కొన్నిచోట్ల తండ్రి పేరును, ఊరును కూడ నుండును. మన పేళ్లు ఇంగ్లీషు లిపిలో వికృతరూపములు దాల్చును గనుక నాలుగు విధముల వ్రాసి చూడవలెను. మహాసభకు వచ్చు సోదరులు తమ యింటి పతకములను, పింఛను కాగితములను తెచ్చినచో వానికి నకళ్లు తీసి యచ్చటనే తిరిగి యిచ్చెదము.

రాజోలు ప్రాంతమందలి యొక కుటుంబమువారు ఈ యేడు అట్లే వెదకి తేదీ కనుగొనిరి. పురోహితులవారు ఆ యేటి పంచాంగము సంపాదించి తిథి నిర్ణయించిరి. వచ్చు మాఘమాసమున ఆ యింట ఆబ్దికము జరుగును. సంక్రాంతి కండువా మాత్రము మానబోమని ఆ యింటి పెద్దమ్మగారు మాతో చెప్పిరి.