పార్కిన్సన్ వ్యాధిలో నిగ్రహలోపం: ఔషధం, శస్త్రచికిత్స – చారిత్రక పరిశీలన

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ‘వణుకు పక్షవాతం’పై ఒక చిన్న గ్రంథం ప్రకటించారు. అందులో వర్ణించిన రోగులు ఆరుగురే. వారిలో కొందరిని ఆయన వీధిలో చూసి గమనించారు. వణుకు, ముందుకు ఒరిగిన దేహం, నడక పరుగుగా మారడం మొదలైన లక్షణాలు చెబుతూ, ఇంద్రియాలకు, బుద్ధికి మాత్రం హాని ఉండదని వ్యాధి నిర్వచనంలోనే చేర్చారు. వ్యాధికి ఆయన పేరు స్థిరపడినట్లే ఈ అభిప్రాయమూ స్థిరపడింది. చికిత్సా ఫలితాన్ని కొలిచే పద్ధతులు చాలాకాలం ప్రధానంగా చేతి వణుకును, కండరాల బిగువును, నడకను లెక్కించాయి. రోగి కోరికలు, ఖర్చులు ఆ లెక్కలోకి రాలేదు.

1960లో వియన్నాలో ఎరింగర్, హోర్నికీవిచ్ మరణించిన రోగుల మెదళ్లను పరీక్షించి డోపమైన్ కొరతను వెల్లడించారు. 1967లో అమెరికాలో జార్జ్ కొట్జియాస్ లెవోడోపాను పెద్ద మోతాదుల్లో నోటి ద్వారా ఇచ్చి సత్ఫలితాలు చూపారు. (ఈ పదార్థాన్ని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి దూలగొండి గింజల నుండి వేరుచేశారు, ఈ వ్యాధితో దానికి గల సంబంధం అప్పటికి ఎవరి ఊహలోనూ లేదు.) 1997లో ప్రామిపెక్సోల్, రోపినిరోల్ అమెరికాలో అనుమతి పొందాయి. డోపమైన్‌ను అనుకరించే ఈ మందులు కదలికల మార్గాలతో ఆగక, ఆశకు, సుఖానుభవానికి సంబంధించిన మార్గాలనూ ప్రేరేపిస్తాయి.

తరువాతి చరిత్ర రెండు లెక్కల మధ్య ఉంది. 2003లో అరిజోనా వైద్యులు 1,884 మంది రోగుల రికార్డులను వెనక్కి తిరిగి పరిశీలిస్తే జూద వ్యసనం తొమ్మిదిమందిలో కనిపించింది. నూటికి ఒకరు కూడా కారు. 2010లో వైన్‌ట్రాబ్ బృందం 3,090 మందిని నేరుగా ప్రశ్నించినప్పుడు జూదం సమస్య ఒక్కటే 5 శాతం మందిలో తేలింది. అతి కొనుగోళ్లు, అతికామం, అతితిండి కూడా కలిపితే 13.6 శాతం. నిర్వచనం కొంత విస్తృతమైన మాట నిజమే. అయినా ఇంత అంతరానికి అదొక్కటే కారణం కాజాలదు. జూదంలో ఇల్లు పోగొట్టుకున్నవాడు ఆ సంగతి నరాల వైద్యుడికి చెప్పుకోవలసినదని ఎందుకు అనుకుంటాడు? కుటుంబం దానిని బుద్ధిదోషమనుకుంది, రోగి సిగ్గుపడ్డాడు, వైద్యుడు అడగలేదు. రికార్డులో లేనిది లెక్కకు రాలేదు.

శస్త్రచికిత్స చరిత్ర మరింత చిక్కైనది. 1987లో గ్రెనోబుల్‌లో బెనబీ, పొలాక్ బృందం థాలమస్‌లో ఎలక్ట్రోడు అమర్చి విద్యుత్ స్పందనలతో వణుకును అణచింది. 1993 నాటికి వారి లక్ష్యం సబ్‌థాలమిక్ కేంద్రకానికి మారింది. చిన్న గింజంత ఉండే ఆ కేంద్రకంలో కదలికలకు, ఆలోచనకు, ఉద్వేగాలకు చెందిన భాగాలు కొద్ది మిల్లీమీటర్ల ఎడంలో ఉంటాయి.

2006లో గ్రెనోబుల్ నుండే వచ్చిన ఒక నివేదిక ప్రకారం, శస్త్రచికిత్స తరువాత ఏడుగురు రోగుల జూద వ్యసనం తొలగిపోయింది. మందుల మోతాదు బాగా తగ్గడమే దీనికి ముఖ్య కారణమని భావించారు. మరుసటి ఏడాది మైకేల్ ఫ్రాంక్ బృందం ప్రయోగం వేరే సంగతి చెప్పింది. రెండు సమాన ఆకర్షణల మధ్య ఎంచుకోవలసి వచ్చినప్పుడు మనిషి సహజంగా ఒక క్షణం ఆగుతాడు; స్పందన నడుస్తున్న రోగులు ఆగలేదు. మందు చేసే హాని మరొకటి: ప్రతికూల ఫలితాల నుండి నేర్చుకునే శక్తిని అది మందగింపజేసింది. కనుక శస్త్రచికిత్స నిగ్రహలోపాన్ని ‘నయం చేస్తుందా, కలిగిస్తుందా’ అన్న వాదంలో ప్రశ్నే సరిగా లేదు. ఒకటి నష్టం నేర్పే పాఠాన్ని చెరిపితే, రెండవది తొందరపాటుకు వేసిన కళ్లాన్ని వదులు చేస్తోంది. ఒకే రోగిలో మొదటిది తగ్గి రెండవది పెరగవచ్చు.

మందు తగ్గించడమూ నిరపాయం కాదు. నిరాసక్తత, కుంగుబాటు తలెత్తవచ్చు. 2008లో వాలరీ వూన్ తదితరులు ప్రకటించిన బహుకేంద్ర అధ్యయనంలో, ఈ శస్త్రచికిత్స పొందిన 5,311 మందిలో 0.45 శాతం ఆత్మహత్యకు పాల్పడ్డారు; 0.90 శాతం ప్రయత్నించారు. ప్రయత్నాలతో ముడిపడిన అంశాలలో శస్త్రచికిత్సానంతర కుంగుబాటుతోపాటు, పూర్వపు నిగ్రహలోప చరిత్ర కూడా ఉంది. అంటే రికార్డుకెక్కని ఆ పాత సంగతే శస్త్రచికిత్సకు ముందు తెలియవలసిన సంగతి.

2009లో వైన్‌ట్రాబ్ బృందమే జూదం, కామం, కొనుగోళ్లు, తిండి, మందుల అతివాడకం గురించి సూటిగా అడిగే ఒక ప్రశ్నావళిని వెలువరించింది. దానిని రోగి మాత్రమే కాక, అతనితో కలిసి జీవించే మనిషి కూడా పూరించవచ్చు.